గార్‌ఫీల్డ్ జీవితాన్ని తుపాకీ గుండు దగ్గర మొదలుపెట్టకుండా చదవడం ఎలా

పదవిలో ఉండగా హత్యకు గురైన అమెరికా అధ్యక్షులు నలుగురు. లింకన్, కెనెడీ గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు, మెకిన్లీ పేరు అప్పుడప్పుడు వినపడుతుంది, జేమ్స్ గార్‌ఫీల్డ్ మాత్రం క్విజ్ ప్రశ్నగా మిగిలిపోయాడు. ఆరున్నర నెలలే కదా అధ్యక్షుడిగా ఉన్నది, అందులో సగం మంచం మీదే, ఇక చదవడానికి ఏముంటుందిలే అనుకుంటారు చాలామంది. దయచేసి అలా అనుకోకండి. ఆయన గురించి రాసినవి చాలావరకు 1881 జూలై 2న, ఆయన మీద కాల్పులు జరిగిన వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో మొదలవుతాయి. అక్కడ మొదలుపెడితే మీకు దొరికేది ఒక బాధితుడే, ఆ మనిషి దొరకడు.

మొదలుపెట్టాల్సింది 1880 జూన్, షికాగో. అధ్యక్ష ఎన్నికకు అభ్యర్థిని ఎంచుకునే రిపబ్లికన్ పార్టీ మహాసభ. ఒహాయో ప్రతినిధుల నాయకుడిగా గార్‌ఫీల్డ్ అక్కడికి వెళ్లింది జాన్ షెర్మన్ పేరు ప్రతిపాదించడానికి. మొదటి రౌండ్ ఓటింగ్‌లో మాజీ అధ్యక్షుడు గ్రాంట్‌కి 304, బ్లెయిన్‌కి 284, షెర్మన్‌కి 93. గెలవాలంటే 379 కావాలి. రౌండ్ల మీద రౌండ్లు గడిచినా ఎవరూ కదల్లేదు. 34వ రౌండ్‌లో విస్కాన్సిన్ వాళ్లు ఉన్నట్టుండి 16 ఓట్లు గార్‌ఫీల్డ్‌కి వేశారు. ఆయన వెంటనే లేచి, నా అనుమతి లేకుండా నాకు ఓట్లు వేయడం కుదరదని అభ్యంతరం చెప్పబోతే సభను నడుపుతున్న హోర్ మాట పూర్తి కానివ్వకుండా కూర్చోబెట్టాడు. తర్వాతి రౌండ్‌లో 50. ఆ తర్వాతి రౌండ్‌లో, అంటే 36వ దాంట్లో, 399. గ్రాంట్ మనుషులు 306 మంది చివరిదాకా పట్టు విడవలేదు, ఈ అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగిన గొడవంతా వీళ్లతోనే. ఈ ఒక్క వారం బాగా అర్థమైతే ఆనాటి రాజకీయం సగం అర్థమైనట్టే.

ఇప్పుడు వెనక్కి వెళ్లండి. 1831లో ఒహాయోలో దుంగల ఇంట్లో పుట్టాడు, రెండేళ్లయినా నిండకముందే తండ్రి పోయాడు, తల్లి ఎలైజా పెంచింది. పదహారేళ్లకు కాలువ పడవల మీద పనికి వెళ్లాడు, గట్టు మీద కంచరగాడిదల్ని నడిపించే పని, జ్వరం పట్టుకుని ఇంటికొచ్చి పడ్డాడు. తర్వాత హైరమ్‌లోని విద్యాసంస్థలో ఊడ్చి, గంట కొట్టి, ఫీజు బదులు ఆ పని చేస్తూ చదివి, 1857 కల్లా అదే సంస్థకు అధిపతి అయ్యాడు. ఇదంతా చదివి కన్నీళ్లు పెట్టుకుని ఆగిపోకండి, ఎన్నికల ప్రచార పుస్తకాలు ఆ పని బాగానే చేశాయి. ఆయన బుర్ర ఎలా పనిచేసేదో చూడాలంటే ఒక కాగితం, పెన్సిల్ తీసుకోండి.

3, 4 భుజాలున్న లంబకోణ త్రిభుజాలు రెండు గీయండి, ఒకదాని 4 భుజం, రెండోదాని 3 భుజం ఒకే గీత మీద పక్కపక్కన పడుకునేలా, నిలువు భుజాలు రెండు చివర్లలో వచ్చేలా. పై మొనలు కలపండి. ట్రెపీజియం వస్తుంది. ఎదురెదురు నిలువు భుజాలు 3, 4, వాటి మధ్య దూరం 7, కాబట్టి వైశాల్యం 7ను 7తో గుణించి సగం చేస్తే వచ్చే 24.5. అందులో మీరు గీసిన రెండు త్రిభుజాలూ చెరొక 6, మొత్తం 12 తీసేయండి. మిగిలిన 12.5 మధ్యలో ఉన్న త్రిభుజానిది, దాని రెండు భుజాలూ మన కర్ణాలే, వాటి మధ్య లంబకోణమే. అంటే కర్ణం వర్గంలో సగం 12.5, కర్ణం వర్గం 25, అంటే 9, 16 కలిపినంత. అంకెల బదులు అక్షరాలు పెట్టి చేస్తే పైథాగరస్ సిద్ధాంతానికి పూర్తి నిరూపణ. దీన్ని గార్‌ఫీల్డ్ కాంగ్రెస్ సభ్యుడిగా ఉండగా కనిపెట్టాడు, 1876లో ఒక విద్యా పత్రికలో అచ్చయింది. నాకు ఆయన మీద ఇష్టం పుట్టింది ఇక్కడే, దాచుకోను.

అంతర్యుద్ధం మీద మరీ ఎక్కువ టైం పెట్టక్కర్లేదు. 1862 జనవరిలో కెంటకీలో మిడిల్ క్రీక్ పోరు, తర్వాత చికమాగా, మేజర్ జనరల్ హోదా, అంతవరకు చాలు. యుద్ధంలో ఉండగానే ప్రతినిధుల సభకు ఎన్నికై, 1863 డిసెంబర్ నుంచి పదిహేడేళ్లు అక్కడే ఉన్నాడు. అసలు కెరీర్ అదే. నల్లజాతివారికి ఓటు హక్కు ఉండాలని యుద్ధం ముగిసిన ఏడాదే బహిరంగంగా మాట్లాడాడు. అధ్యక్ష పదవి చేపడుతూ చేసిన 1881 ప్రారంభోపన్యాసం తప్పకుండా పూర్తిగా చదవండి, నల్లజాతివారు బానిసత్వం నుంచి పూర్తి పౌరసత్వానికి వచ్చిన ఆ మార్పు గురించి, 1787 రాజ్యాంగం తర్వాత అంతటి రాజకీయ మార్పు లేదని చెప్పాడు.

ఇష్టం కలిగింది కదా అని చేదు పేజీలు దాటేయొద్దు. రెండున్నాయి. ఒకటి క్రెడిట్ మొబిలియే రైల్వే కుంభకోణం. గార్‌ఫీల్డ్ 329 డాలర్ల డివిడెండ్ తీసుకున్నాడని ఆరోపణ, ఆయన కాదన్నాడు, ఎన్నికలప్పుడు ప్రత్యర్థులు గోడల మీద 329 అని అంకె ఒక్కటే రాసేవారు, జనానికి అర్థమైపోయేది. రెండోది నా లెక్కన దీనికంటే బరువైనది. 1872లో మోంటానాలోని బిటర్‌రూట్ లోయ నుంచి సేలిష్ తెగవారిని కదిలించే ఒప్పందానికి ప్రభుత్వం పంపింది ఆయన్నే. నాయకుడు చార్లో సంతకం పెట్టలేదు, అచ్చయిన ఒప్పందంలో మాత్రం పెట్టినట్టు కనిపించింది. ఆయన అభిమానులు రాసినవాటిలో ఇది ఒక్క లైనులో పోతుంది, మీరు అక్కడ ఆగి చూడండి.

తర్వాత న్యూయార్క్ ఓడరేవు కస్టమ్స్ ఆఫీసు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఫెడరల్ ప్రభుత్వ ఆదాయంలో పెద్ద వాటా అక్కడి నుంచే వచ్చేది, అక్కడి ఉద్యోగాలు పంచేది సెనేటర్ కాంక్లింగ్. షికాగోలో గ్రాంట్ శిబిరాన్ని నడిపింది ఈయనే. గార్‌ఫీల్డ్ అక్కడ కాంక్లింగ్ ప్రత్యర్థి రాబర్ట్‌సన్‌ని నియమించాడు. కాంక్లింగ్ మే నెలలో రాజీనామా చేసి, తన రాష్ట్ర శాసనసభ మళ్లీ ఎన్నుకుని పంపుతుందనుకున్నాడు, పంపలేదు. అధ్యక్షుడు గెలిచాడు.

ఇదంతా అయ్యాకే కాల్పుల దగ్గరికి రండి, వచ్చినా రెండు కథలుగా విడదీసి చదవండి. మొదటిది కాల్చిన చార్ల్స్ గిటో కథ. ఎవరూ అడగని ప్రచార ప్రసంగం ఒకటి రాసుకుని, దానికి ప్రతిఫలంగా పారిస్ కాన్సుల్ పదవి కావాలని వైట్‌హౌస్ చుట్టూ, విదేశాంగ శాఖ చుట్టూ తిరిగాడు. ఉద్యోగం రాని కోపంతో చంపాడని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు, కోర్టులో అతని మతిస్థిమితం మీద జరిగిన వాదన చదవండి. 1882 జూన్ 30న ఉరితీశారు.

రెండోది వైద్యం కథ, చదువుతుంటే గుండె తరుక్కుపోతుంది. గుండు వెన్నుపూసలోంచి దూసుకుపోయినా వెన్నుపామును తాకలేదు. డాక్టర్లు కడగని వేళ్లు, పరికరాలు గాయంలో పెట్టి వెతికారు, అప్పటికి బ్రిటిష్ సర్జన్ లిస్టర్ క్రిమిరహిత పద్ధతి ప్రచురించి పద్నాలుగేళ్లు. అలెగ్జాండర్ గ్రాహం బెల్ లోహాన్ని కనిపెట్టే యంత్రం తెస్తే, వైద్యం నడిపిస్తున్న డాక్టర్ బ్లిస్ కుడి వైపే వెతకనిచ్చాడు, గుండు ఉన్నది ఎడమ వైపు. 79 రోజులు నరకం చూసి సెప్టెంబర్ 19న న్యూజెర్సీ తీరంలో పోయాడు.

నేరుగా ఆయన రాసిందే చూడాలనుంటే డైరీలు, ఉత్తరాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆన్‌లైన్‌లో పెట్టింది, ఉచితం. చేతిరాత మొదట కష్టంగానే ఉంటుంది, షికాగో నెల పేజీలతో మొదలుపెడితే అక్కడి మనుషుల పేర్లు ముందే తెలుసు కాబట్టి తొందరగా అలవాటవుతుంది. ఒహాయోలో మెంటర్ ఊళ్లోని ఆయన ఇల్లు ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలం. ఆయన కాగితాలు దాచడానికి భార్య లుక్రీషియా కట్టించిన లైబ్రరీ గది, దానికి అతుక్కుని ఉన్న వాల్ట్ (కాగితాలు భద్రపరిచే గట్టి గది) అక్కడే ఉన్నాయి.

తర్వాత చదవాల్సింది చెస్టర్ ఆర్థర్ గురించి. గార్‌ఫీల్డ్ ఉపాధ్యక్షుడు, ఆయన పోయాక అధ్యక్షుడైనవాడు, కాంక్లింగ్ మనిషి, ఒకప్పుడు ఆ న్యూయార్క్ కస్టమ్స్ ఆఫీసు నడిపి 1878లో పదవి పోగొట్టుకున్నవాడు. ఫెడరల్ ఉద్యోగాలు సిఫార్సుతో కాకుండా పరీక్షతో ఇవ్వడానికి దారి తీసిన పెండల్టన్ చట్టం మీద 1883 జనవరిలో సంతకం పెట్టింది ఆయనే.