పెయింటర్‌తో బేరం కుదుర్చుకునే ముందు ఈ లెక్క వేసుకోండి

పెయింటర్ మొత్తానికి ఒకే రేటు చెప్తే అందులో రంగుకెంత, కూలికెంత అన్నది అస్సలు తెలియదు. అందుకే ముందే గోడల పొడవు, ఎత్తు కొలిచి గుణించి, తలుపులు, కిటికీల కొలత తీసేయండి. లీటరు ఎంత మేర వస్తుందో డబ్బా మీదే ఉంటుంది. 600 చదరపు అడుగుల గోడకి, ఒక కోటింగ్‌కి లీటరు 120 అడుగులు వస్తుందని రాసి ఉంటే, రెండు కోటింగ్‌లకి 10 లీటర్లు. ఇక కూలి విడిగా అడగండి, పుట్టీ, ప్రైమర్, ఎన్ని కోటింగ్‌లు, రంగు పేరు, సామాను ఎవరు తేవాలి అన్నీ కాగితం మీద రాయించుకోండి, ఇది మాత్రం వదలొద్దు. గరుకు గోడలు, కొత్త ప్లాస్టరింగ్ రంగు ఎక్కువ పీల్చుకుంటాయి కాబట్టి అక్కడ ఈ లెక్క సరిపోదు. చెమ్మ ఉంటే ముందు అది బాగు చేయించాలి, లేదంటే ఎంత మంచి రంగైనా పొరలుగా ఊడిపోతుంది.