ఆపరేషన్ రోజున ఆ ఫోన్ పిల్లాడిదే

స్కూళ్లకు సెలవులివ్వగానే టాన్సిల్స్ అనీ హెర్నియా అనీ పిల్లల్ని తీసుకుని కోనసీమ నుంచి కాకినాడకో రాజమండ్రికో బయలుదేరే తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. పోయిన వేసవిలో మా చిన్నోడికి హెర్నియా ఆపరేషన్ అయింది. థియేటర్ బయట వాడు నా ఫోన్‌లో ఆట ఆడుకుంటూ కుదురుగానే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే ముమ్మిడివరం నుంచి మా పెద్దమ్మ ఫోన్, "లోపలికి తీసుకెళ్లారా?" అని. వాడి చేతిలోంచి లాక్కుని మాట్లాడాను. తిరిగి ఇచ్చేలోపు వాడి చూపు స్ట్రెచర్ మీద, మాస్కుల మీద పడింది. ఇక ఆ ఏడుపు ఆపడం మా వల్ల కాలేదు.

అందుకే చెబుతున్నా, పిల్లల చేతికిచ్చే ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. చుట్టాలకు ఇంకో నంబరు ఇవ్వండి. ఆటలు ముందురోజే డౌన్‌లోడ్ చేసి, నెట్ ఆపేసి ఆడించి చూడండి. కొన్ని నెట్ లేకపోతే తెరుచుకోనే తెరుచుకోవు. ఊరికే చూసే వీడియో కంటే వేళ్లకు పని చెప్పే ఆట మనసును బాగా పట్టి ఉంచుతుంది. అదీ అలవాటైన ఆటే అయ్యుండాలి. మత్తు ఇచ్చే మాస్క్ పెట్టేదాకా ఫోన్ ఉండనిస్తారా, మీలో ఒకరిని లోపలికి రానిస్తారా అని మత్తు డాక్టరుగారిని ముందే అడగండి.

ఫోన్ ఉంది కదా అని అబద్ధాలు చెప్పి తీసుకెళ్లకండి. ఆటలోంచి తలెత్తి "సూది వేస్తారా అమ్మా?" అని అడిగితే, ఆట పక్కన పెట్టించి, "వేస్తారు నాన్నా, కాస్త చురుక్కుమంటుంది" అని ఉన్నది చెప్పండి.

ఆపరేషన్ కోసం ఖాళీ కడుపుతో ఉంచిన మనవణ్ణి చూడలేక నానమ్మలు చాటుగా ఓ పూతరేకు పెట్టేస్తుంటారు. దయచేసి వద్దు. మత్తులో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మామూలుగా మత్తు ఇవ్వడానికి తిండి, డబ్బాపాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపాలి. మీ డాక్టరు వేరే టైము చెబితే అదే పాటించండి. జలుబు, దగ్గు ఉంటే దాచకండి.

మత్తు దిగేటప్పుడు కొందరు పిల్లలు కన్నవాళ్లనే గుర్తుపట్టనట్టు ఏడుస్తారు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటారు. చాలావరకు కాసేపటికి అదే సర్దుకుంటుంది. అప్పుడు మాత్రం ఫోన్ ముఖం మీద పెట్టకండి. సెలైన్ ఉన్న చేతిని మెల్లగా పట్టుకుని, చిన్న గొంతుతో పేరు పెట్టి పిలుస్తూ ఉండండి.