గాయం తర్వాత మంచు మీదికి: హైదరాబాద్ క్రీడాకారులు సిట్-స్కీ ఎలా మొదలుపెట్టాలి?

వెన్నుపాముకు దెబ్బ తగలడం వల్లనో, రోడ్డు ప్రమాదంలో కాలు పోవడం వల్లనో ఆటకు దూరమైన క్రీడాకారులు మళ్లీ ఆడాలనుకున్నప్పుడు, హైదరాబాద్‌లో ముందుగా గుర్తుకొచ్చేవి వీల్‌చైర్ బాస్కెట్‌బాల్, పారా బ్యాడ్మింటన్, ఈత, హ్యాండ్‌సైకిల్ (చేతులతో తిప్పి నడిపే సైకిల్). మంచు మీద ఆటలు ఎవరికీ తట్టవు. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఊళ్లో తట్టకపోవడం వింతేమీ కాదు. అయితే ఈ ఆటలను మొదలుపెట్టినవారే గాయపడినవారు. రెండు కాళ్లూ పోగొట్టుకున్న ఆస్ట్రియా స్కీయర్ సెప్ జ్విక్‌నాగల్ కృత్రిమ కాళ్లతో స్కీయింగ్ ప్రయోగాలు చేయగా, రెండో ప్రపంచ యుద్ధంలో అవయవాలు కోల్పోయి తిరిగొచ్చిన సైనికులు ఆ దారిలో నడిచారు. 1976లో స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్స్‌విక్ పట్టణంలో తొలి శీతాకాల పారాలింపిక్స్ జరిగాయి.

సిట్-స్కీ అంటే స్కీలు బిగించిన సీటులో కూర్చుని మంచు మీద సాగే ఆట. దీని కోసం మంచు మీద గడిపేది ఏడాదికి పది, పదిహేను రోజులే. మిగతా పనంతా హైదరాబాద్‌లోనే పూర్తి చేసుకోవాలి. అందుకే ఈ వ్యాసంలో కొండల కంటే ఊరి సంగతులే ఎక్కువ.

ముందుగా వైద్యుడితో తేల్చుకోవలసినవి

"స్కీయింగ్‌కు వెళ్లవచ్చా?" అని అడిగితే చాలామంది వైద్యులు "వద్దు" అనే అంటారు, ఎందుకంటే వారి కళ్లకు కనబడేది నిలబడి కొండ దిగే స్కీయింగే. అందువల్ల పునరావాస వైద్యుడి వద్దకు సిట్-స్కీ వీడియో ఒకటి ఫోన్‌లో తీసుకెళ్లి, మీరు ఎలా కూర్చుంటారో, పట్టీలు ఎక్కడ బిగిస్తారో, పడితే దెబ్బ ఎక్కడ తగులుతుందో చూపించి, ఆ తర్వాత విడివిడిగా ప్రశ్నలు అడగడం మంచిది.

మొదటి ప్రశ్న ఎముకల గురించి. వెన్నుపాము గాయమైనవారికి కదలిక లేని కాళ్లలో, ముఖ్యంగా మోకాలి పైనా కిందా, ఎముక సాంద్రత కొద్ది నెలల్లోనే తగ్గడం మొదలవుతుంది. ఇలాంటి కాలు చిన్న మెలికకే విరగవచ్చు, విరిగిన సంగతి నొప్పి రూపంలో తెలియకపోవచ్చు. కాబట్టి ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించుకోకుండా బయలుదేరవద్దు. రెండో ప్రశ్న భుజాల గురించి. రోజంతా వీల్‌చైర్ తోసే భుజాల మీదే సిట్-స్కీ భారం కూడా పడుతుంది కనుక, ఇప్పటికే నొప్పి ఉంటే ముందు దాని సంగతి చూసుకోవాలి.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. గాయం ఛాతీ భాగంలోని ఆరో వెన్నుపూస (టీ-6) స్థాయిలో గానీ, అంతకంటే పైన గానీ ఉన్నవారికి ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అనే ప్రమాదం పొంచి ఉంటుంది. గాయానికి దిగువన ఏదైనా ఇబ్బంది కలిగినప్పుడు, ఉదాహరణకు మూత్రాశయం నిండిపోయినా, మూత్రం బయటికి తెచ్చే కాథెటర్ ట్యూబు మడతపడినా, తొడ మీద పట్టీ మరీ బిగిసినా, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. తల పగిలిపోతున్నంత నొప్పి, ముఖం ఎర్రబడటం, గాయానికి పైభాగంలో చెమటలు దాని గుర్తులు. సిట్-స్కీలో ఈ మూడు కారణాలూ ఒకేచోట కలుస్తాయి. అప్పుడు చేయవలసిందల్లా నిటారుగా కూర్చోబెట్టడం, పట్టీలు వదులు చేయడం, ట్యూబు సరిచూసి మూత్రాశయాన్ని ఖాళీ చేయడం; అయినా తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తరలించడం. ఈ నాలుగు మాటలనూ తెలుగులో, హిందీలో ఒక కార్డు మీద రాసి జాకెట్ జేబులో పెట్టుకోండి. కొండ మీద మీ పక్కన ఉండే మనిషికి ఈ పేరు తెలిసే అవకాశం తక్కువ.

క్రీడాకారులకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. నొప్పిని పంటి బిగువున భరించి ముందుకు సాగడం మీరు ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య. అప్పట్లో నొప్పి ఉండేది, దాన్ని ఎంతవరకు లెక్కచేయాలో మీరు నిర్ణయించుకునేవారు. ఇప్పుడు శరీరంలో సగభాగం నుంచి కబురే రాదు. కనుక పాత అలవాటును నమ్ముకోకుండా గడియారాన్ని, అద్దాన్ని, పక్కవారి కళ్లను నమ్ముకోవలసి ఉంటుంది.

ఏ ఆట ఎంచుకోవాలి?

కొండ వాలు మీద దిగే ఆల్పైన్ స్కీయింగ్‌లో కూర్చునేవారికి రెండు రకాల పరికరాలుంటాయి. మోనో-స్కీలో శరీరానికి అతుక్కున్నట్లుండే బకెట్ సీటు, దాని కింద షాక్ అబ్జార్బర్, అడుగున ఒకే స్కీ ఉంటాయి. బై-స్కీకి రెండు స్కీలు ఉండటం వల్ల నిలకడ ఎక్కువ, నడుం మీద పట్టు తక్కువ ఉన్నవారికి అది అనువైనది. రెండు చేతుల్లో అవుట్‌రిగ్గర్లు పట్టుకుంటారు. మోచేతి కర్రల చివర చిన్న స్కీ ముక్క బిగించినట్లుంటాయి, తూకానికీ మలుపులకూ అవే ఆధారం. అనుభవజ్ఞులు మోనో-స్కీ మీద గంటకు 100 కిలోమీటర్ల వేగం కూడా దాటుతారు. ఒక కాలు పోయినవారు మాత్రం కూర్చోనక్కర్లేదు, ఉన్న కాలికి ఒక స్కీ, చేతుల్లో రెండు అవుట్‌రిగ్గర్లతో నిలబడి దిగవచ్చు. ఐస్ మీద ఆడే వీల్‌చైర్ కర్లింగ్, పారా ఐస్ హాకీ కూడా ఉన్నాయి గానీ, రింక్ దగ్గరలో లేనివారికి అవి కష్టం.

హైదరాబాద్‌లో ఉండేవారికి నా సలహా నార్డిక్ సిట్-స్కీ. తేలికపాటి చట్రం కింద రెండు సన్నని స్కీలు, చేతుల్లో రెండు పోల్స్, అంతే. చదునైన మంచు మీద భుజబలంతో తోసుకుంటూ పోవాలి. వేగం తక్కువ కాబట్టి ప్రమాదమూ తక్కువే. పైగా ఏడాది పొడవునా ఊళ్లోనే సాధన చేయవచ్చు. 1998లో సైకిల్ ప్రమాదంలో నడుం కింది భాగం చచ్చుబడిన జర్మనీ క్రీడాకారిణి ఆండ్రియా ఎస్కావ్ వేసవి పారాలింపిక్స్‌లో హ్యాండ్‌సైకిల్‌పై, శీతాకాల పారాలింపిక్స్‌లో నార్డిక్ సిట్-స్కీపై స్వర్ణాలు గెలిచారు. ఒకే భుజాలు రెండు ఆటలకూ పనికొస్తాయనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

నార్డిక్‌లోనే పారా బయాథ్లాన్ అనే విభాగం ఉంది. కొంత దూరం స్కీ చేసి, ఆగి, 10 మీటర్ల దూరంలోని గురిని ఎయిర్ రైఫిల్‌తో కొట్టి, మళ్లీ సాగాలి. లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ ఊరు ఇది. ఇక్కడ ఆ దూరానికి సరిపడే రేంజ్‌లకు కొదవ లేదు. గుండె వేగంగా కొట్టుకుంటుండగా గురి నిలపడమే ఈ ఆటలో అసలు విద్య గనుక, హ్యాండ్‌సైకిల్ నడిపొచ్చిన వెంటనే రేంజ్‌లో కూర్చుని సాధన చేయవచ్చు. సగం ఆట మంచు అవసరం లేకుండానే నేర్చుకోగలిగినప్పుడు ఆ అవకాశాన్ని వదులుకోవడం ఎందుకు?

ఊళ్లో తయారీ

గాయమైన ఏడాదిలోపే మంచు మీదికి తొందరపడవద్దు. వైద్యులు అనుమతించిన నాటి నుంచి కనీసం ఆరు నెలలు భుజాలు, వీపు, మిగిలి ఉన్న నడుం కండరాల మీద పని చేయాలి. తోసే కండరాలు వీల్‌చైర్ వల్ల ఎలాగూ బలపడతాయి. లాగే కండరాలు వెనకబడితే భుజం ముందుకు వంగి కీలు అరుగుతుంది. అందుకే తోసే వ్యాయామం ఒకటి చేస్తే లాగేవి రెండు చేయమని ఫిజియోథెరపిస్టులు అంటుంటారు.

దూరం అలవాటు చేసుకోవడానికి ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో ప్రారంభమైన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది. మొత్తం 23 కిలోమీటర్లు, పైన నీడ, పక్కన వాహనాల బెడద లేదు. గాయం దిగువన చెమట పట్టని శరీరానికి ఎండ కూడా చలి అంత ప్రమాదమే కాబట్టి తెల్లవారుజామున వెళ్లడం మేలు. హ్యాండ్‌సైకిల్ కొనే స్తోమత లేనివారు, నగరంలో పారా సైక్లిస్టులతో పని చేస్తున్న ఆదిత్య మెహతా ఫౌండేషన్ వంటి సంస్థలను సంప్రదించవచ్చు. ఆట మీద ఇష్టం నిలబడ్డాక చూసుకోవచ్చు గానీ, మొదటే లక్షలు పోసి సొంత స్కీ తెప్పించుకోవడం మాత్రం తెలివైన పని కాదు.

ఇక లోయర్ ట్యాంక్‌బండ్‌లోని స్నో వరల్డ్ గురించి. అక్కడ స్కీయింగ్ నేర్చుకోలేరు, పిల్లల కేరింతల మధ్య అసలే సాధ్యం కాదు. కానీ సామగ్రిని పరీక్షించడానికి ఊళ్లో అంతకు మించిన చోటు లేదు. కొండ మీద వేసుకోబోయే దుస్తులే వేసుకుని లోపల గడపండి. చేతి తొడుగులతో పట్టీ బకిల్ విప్పగలుగుతున్నారా, కాథెటర్ ట్యూబులో మూత్రం కదులుతోందా, చలికి కాలి స్టంప్ (తొలగించగా మిగిలిన కాలి భాగం) కుంచించుకుని కృత్రిమ కాలి సాకెట్ వదులవుతోందా అన్నవి గమనించండి. వదులైతే అదనపు స్టంప్ సాక్సులు ఎన్ని కావాలో అక్కడే తెలిసిపోతుంది. స్కీయింగ్‌కు వెళ్లబోయే కాశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌లో తెలుసుకుంటే ఒక రోజు వృథా అవుతుంది.

సీటు కుదరకపోతే ఆట లేదు

పరికరంలో అన్నిటికంటే విలువైన భాగం స్కీ కాదు, సీటు. తుంటి సీటులో అంగుళం కదిలినా మీ కదలిక స్కీని చేరదు. అలాగని గట్టి ప్లాస్టిక్ అంచు పిరుదు ఎముకకు ఒరుసుకుంటే గంటలో పుండుకు బీజం పడుతుంది. మీ వీల్‌చైర్ కుషన్ చేసినవారితోనో, కృత్రిమ అవయవాల కేంద్రంలోనో తుంటి వెడల్పు, తొడ పొడవు, వీపు ఎత్తు కొలిపించి, మీకు సరిపోయే ఫోమ్ ముక్కలు కోయించి తీసుకెళ్లండి. అద్దె పరికరం ఎవరిదైనా, లోపలి మెత్త మీదే అయితే సగం సమస్య తీరుతుంది.

సీటులో కూర్చుని వచ్చిన ప్రతిసారీ పిరుదులు, తోకఎముక, మడమలు అద్దంలోనో ఫోన్ కెమెరాతోనో చూసుకోవాలి. ఎర్రమచ్చ అరగంటలో పోకపోతే మరునాడు విశ్రాంతే. పది రోజుల ప్రయాణంలో రెండు రోజులు పోయాయని బాధపడకండి. ముదిరిన ఒత్తిడి పుండు నెలల తరబడి పడక దిగనివ్వదు.

కాగితాలు, ప్రయాణం

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు ఎలాగూ ఉండే ఉంటాయి. వాటికి తోడు గాయం స్థాయి తెలిపే ఎంఆర్ఐ రిపోర్టు, వాడుతున్న మందుల జాబితా, వైద్యుడి లేఖ దగ్గర పెట్టుకోవాలి. బీమా పాలసీలో సాహస క్రీడలకు బీమా వర్తించదన్న షరతు ఉందేమో చదవాలి, సాధారణంగా ఉంటుంది.

గుల్‌మర్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. హైదరాబాద్ 540 మీటర్ల దగ్గర ఉంటుంది. శ్రీనగర్‌లో ఒక రోజు ఆగి, పైకి వెళ్లాక మరో రోజు ఊరికే గడిపి, ఆ తర్వాతే స్కీ ఎక్కాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మంచు నమ్మకంగా ఉంటుంది. వెళ్లే ముందే శిక్షణ సంస్థకు రాసి, సిట్-స్కీ ఉందా, కూర్చున్నవారికి నేర్పిన శిక్షకుడు ఉన్నారా, గదికి ర్యాంప్ ఉందా, బాత్రూం తలుపు ఎన్ని అంగుళాలు అని అడిగి, ఫొటోలు తెప్పించుకోండి. "అంతా చూసుకుంటాం, రండి" అన్న జవాబును జవాబుగా లెక్కించవద్దు. విమానంలో వీల్‌చైర్ కుషన్‌ను మాత్రం మీతోనే సీటు దగ్గరకు తీసుకెళ్లండి.

మంచు మీద మొదటి రోజులు

మొదటి రోజు చదునైన చోట కూర్చుని అటూ ఇటూ ఒరగడం, ఆగడం, పడటం, లేవడం తప్ప వేరే పని పెట్టుకోవద్దు. పడేటప్పుడు చెయ్యి చాచితే మణికట్టు, భుజం దెబ్బతింటాయి. చేతులు ఒంటికి దగ్గరగా ఉంచుకుని పక్కకు ఒరిగిపోవాలి. వాలు మీద మొదటి రోజుల్లో వెనక శిక్షకుడు తాడుతో పట్టుకుని ఉండాలి. అందుకు మొహమాటపడే క్రీడాకారులను చూస్తే జాలేస్తుంది; ఈత నేర్చిన రోజుల్లో మీ నాన్నగారు నడుముకు కట్టిన తాడు మీకు అవమానంగా తోచిందా?

గంటకొకసారి సీటు నుంచి దిగాలి. కాటన్ బనియన్లు వద్దు, ఒకసారి తడిస్తే ఆరవు. ఉన్ని లేదా థర్మల్ దుస్తులు వేసుకోవాలి. స్పర్శ లేని వేళ్లను పక్కవారు గంటకోసారి చూడాలి. చర్మం పాలిపోయి గట్టిపడితే రుద్దవద్దు, మంట దగ్గర పెట్టవద్దు, గోరువెచ్చని నీళ్లలో ఉంచి వైద్యుడికి చూపించాలి. కాశ్మీర్‌లో అతిథికి చలేస్తోందని తెలిస్తే ప్రేమగా కాంగ్రీ (నిప్పులు నింపిన చిన్న కుంపటి) తెచ్చి ఒళ్లో పెడతారు. స్పర్శ లేని తొడల మీద అది ఎంత కాల్చినా మీకు తెలియదు. నమస్కరించి పక్కన పెట్టించండి.

పోటీల్లోకి దిగాలంటే

రెండు మూడు శీతాకాలాల తర్వాతే ఆ ఆలోచన. అంతర్జాతీయ పోటీల్లో శిక్షణ పొందిన వర్గీకరణ నిపుణులు మిమ్మల్ని పరీక్షించి తరగతి నిర్ణయిస్తారు. కూర్చునేవారికి ఎల్‌డబ్ల్యూ-10 నుంచి 12 వరకు తరగతులుంటాయి, నడుం పట్టు తక్కువ ఉన్నవారు 10లోకి వస్తారు. తరగతిని బట్టి మీ సమయాన్ని ఒక శాతంతో గుణించి ఫలితం లెక్కిస్తారు కాబట్టి, గీత ముందు దాటినవారే గెలిచినట్లు కాదు. వాడే మందుల్లో నిషిద్ధమైనవి ఉంటే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) నుంచి చికిత్సా మినహాయింపు ముందుగానే తీసుకోవాలి.

కొండ దిగి ఇంటికి వచ్చాక, అలసట తీరేలోపే ఒక నోటుపుస్తకంలో ఈసారి సీటులో ఫోమ్ ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు పెంచారో, ఏ పట్టీ ఎక్కడ ఒరుసుకుందో, స్టంప్‌కు ఎన్ని సాక్సులు పట్టాయో రాసుకోండి. మరుసటి డిసెంబరులో ఆ పేజీ తెరిచి కుషన్ చేసేవారి ముందు పెడితే, కొలతలన్నీ మళ్లీ మొదటి నుంచి తీయనక్కర్లేదు.