ఆరుగురు విద్యార్థులు, ఒక ఫోను, అయిదు నిమిషాల సినిమా: ఎలా తీయాలి?

కాలేజీ జట్టు తీసే షార్ట్ ఫిల్మ్ ఎక్కువగా కెమెరా వల్ల చెడదు. కథ పెద్దదైపోయి, మాట సరిగా వినపడక, ఎవరి పని ఎవరిదో తేలక చెడుతుంది. ఈ మూడింటికీ మందు షూటింగుకు ముందే వేసుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా ఆరుగురు మనుషులు, ఒక మంచి ఫోను, తిరుపతి చుట్టుపక్కల మూడు నాలుగు రోజుల షూటింగు అనే లెక్కతో.

కథలో ఒక చిక్కు, ఇద్దరు ముగ్గురు మనుషులు, రెండు చోట్లు చాలు. ఫ్లాష్‌బ్యాకూ, యాక్సిడెంటూ, వానా మూడూ ఉన్న కథ అయితే రెండో సినిమాకు దాచుకోండి. స్క్రిప్టు ఒక పేజీ అంటే తెర మీద ఒక నిమిషం అనే లెక్క చేత్తో తెలుగులో రాసుకున్న కాగితాలకు పనికిరాదు. స్టాప్‌వాచ్ పెట్టుకుని డైలాగులు పైకి చదవండి, నడకలూ తలుపు తీయడాలూ కూడా చేసి చూసి కొలవండి. ఏడు నిమిషాలు వస్తే అప్పుడే కోసేయండి. ఎడిటింగులో చూసుకుందాంలే అనుకుంటే ఎండలో పడ్డ ఒక పూట కష్టం గంగలో కలుస్తుంది. డైలాగు నటుడి నోటికి వచ్చే యాసలోనే ఉండాలి. ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అని కాగితం మీద ఉంటే చిత్తూరు కుర్రాడు తడబడతాడు, ‘యాడికి పోతా ఉండావు’ అని ఉంటే ఒక్క టేకులో చెప్పేస్తాడు.

పనులు పంచుకోవడం ఇలా: దర్శకత్వం ఒకరు, కెమెరా ఒకరు, సౌండు ఒకరు, టైమూ కంటిన్యుటీ (ఒక షాటుకూ ఇంకో షాటుకూ బట్టలూ వస్తువులూ తేడా రాకుండా ఉండటం) చూసే అసిస్టెంట్ ఒకరు, తిండీ డబ్బూ అనుమతులూ ఒకరు, ఎడిటింగు ఒకరు. నటులు వీళ్లలోంచి వద్దు, బయటివాళ్లను తెచ్చుకోండి. సెట్లో ‘కట్’ అనే హక్కు ఒక్కరికే. మిగతావాళ్లకు సలహా ఉంటే దర్శకుడి చెవిలో చెప్పాలి. నటుడికి నేరుగా ముగ్గురు మూడు రకాలుగా చెబితే అతను చేసేది నాలుగోది.

లొకేషన్ విషయంలో అందానికి ఆశపడకండి. చంద్రగిరి కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం లోపల ఉంది కాబట్టి అటవీ శాఖను అడగాలి. రైల్వే స్టేషన్లో షూటింగుకు రైల్వే అనుమతి కావాలి. తిరుమలలో డ్రోన్ నిషిద్ధం, ఆలయం లోపలికి ఫోనే తీసుకెళ్లనివ్వరు. వీటికి అర్జీ పెట్టి తిరిగే రోజుల్లో ఒక మేడా, ఒక మామిడి తోటా, తెలిసినవాళ్ల టీ కొట్టూ పెట్టుకుని సినిమా పూర్తి చేయొచ్చు. టీ కొట్టయినా సరే, ఏ రోజు, ఏ గంటకు అనేది యజమానితో ముందే మాట్లాడుకోండి.

ఇక షాట్ల లెక్క. అయిదు నిమిషాలకు 60 షాట్లు వేసుకుంటే, కొత్త జట్టు రోజుకు 15 నుంచి 20 దాటదు. ప్రతి సీనుకూ మొదట మొత్తం కనిపించే మాస్టర్ షాట్ చివరిదాకా తీయండి, తర్వాత సజెషన్లు (ఒకరి భుజం మీదుగా ఎదుటివాళ్ల ముఖం కనిపించే షాట్లు), ఆఖరున క్లోజప్పులు. వెలుతురు మారిపోయినా క్లోజప్పును నీడలోకి జరిపి నెట్టుకురావచ్చు, మాస్టర్‌ను అలా చేయలేం. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరి నుంచి ఇంకొకరి దాకా ఒక గీత ఉందనుకుని కెమెరాను ఆ గీతకు ఒకే వైపున ఉంచాలి. దాటితే లుక్ తప్పుతుంది, ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు కనిపిస్తారు.

ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 6 బయటి సీన్లకు. మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తిన పడి కళ్ల కింద గుంతలు చూపిస్తుంది. తప్పకపోతే చెట్టు నీడలో నిలబెట్టి, ముఖానికి మూడు నాలుగు అడుగుల దూరంలో తెల్ల థర్మోకోల్ అట్ట పట్టండి. ఏప్రిల్, మే నెలల్లో ఫోను బాగా వేడెక్కి రికార్డింగ్ ఆగిపోతుంది కాబట్టి టేకుకూ టేకుకూ మధ్య నీడలో పెట్టాలి. ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయండి. ఆటోమేటిక్‌లో వదిలితే తెల్ల చొక్కా మనిషి అడ్డం వచ్చినప్పుడల్లా దృశ్యం చీకటవుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు కింద షటర్ వేగం సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెడితే మినుకు రాదు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో, లెన్స్ తుడిచి.

అసలు కష్టం సౌండుది. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే రెండు నిమిషాలకు లేచిపోతారు. కెమెరా ఫోను మైకును నమ్మొద్దు. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద తగిలించండి. అది లేకపోతే రెండో ఫోనును నటుడి జేబులో పెట్టి రికార్డు చేయండి. గంజి పెట్టిన చొక్కా, పట్టుచీర గరగరలాడతాయి, కాటన్ మేలు. రికార్డింగ్ లెవెల్ గట్టి మాటలకు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండాలి. సున్నాకు తగిలి పగిలిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ అతకలేదు. ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినవాళ్లు తమ బండి తాళంచెవి అందులోనే పెట్టాలి, లేకపోతే మళ్లీ ఆన్ చేయడం మరచి వెళ్లిపోతారు, ఇంటివాళ్ల పాలు విరుగుతాయి. ప్రతి చోటా అందరూ కదలకుండా 30 సెకన్ల ఉత్త నిశ్శబ్దం రికార్డు చేసుకోండి, ఎడిటింగులో మాటల మధ్య అతుకులు కప్పేది అదే. ముందు రోజు అదే గంటకు లొకేషన్‌కు వెళ్లి, పది నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. గుడి మైకులో పాట మొదలయ్యే వేళా, రైలు హారన్ వినిపించే వేళా అప్పుడే తెలుస్తాయి. వెనక పాట ఉంటే షాటు కోసిన చోటల్లా పాట తెగి తెలిసిపోతుంది, పైగా యూట్యూబులో కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది.

ప్రతి టేకుకూ సౌండు మొదలు, తర్వాత కెమెరా, తర్వాత క్లాప్. చేత్తో చప్పట్లు కొట్టినా చాలు, సీను నంబరూ టేకు నంబరూ పైకి చెప్పాలి. యాక్షన్‌కు ముందూ, కట్‌కు ముందూ మూడు సెకన్లు ఆగండి.

కంటిన్యుటీకి ప్రతి షాట్ చివర నటుల ఫోటో తీయాలి: చొక్కా గుండీ, గడియారం ఏ చేతికుంది, గ్లాసులో టీ ఎంతుంది, నుదుట నామం ఎంత పొడుగుంది. మల్లెపూలు సాయంత్రానికి వాడిపోతాయి, కాబట్టి రెండు మూరలు కొని ఒకటి తడిగుడ్డలో చుట్టిపెట్టండి. తిరుపతిలో ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: హీరో ఇంట్లో తలనీలాల మొక్కు ఏమైనా ఉందా? మొదటి షెడ్యూలుకూ రెండో షెడ్యూలుకూ మధ్య గుండు చేయించుకుని వస్తే కథే మార్చాలి.

60 షాట్లు, మూడేసి టేకులు, టేకుకు అర నిమిషం అనుకుంటే 90 నిమిషాలు. 4కేలో నిమిషానికి సుమారు 350 ఎంబీ పడితే 31 జీబీ దాటుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళ ఒకసారి, రాత్రి ఒకసారి రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేసి, తెరిచి చూశాకే ఫోనులోంచి తుడవండి.

ఎడిటింగులో మొదట సంగీతం లేకుండా కథ నిలబడుతుందా చూడండి. విడిగా తీసిన సౌండు టేకు సాగేకొద్దీ పెదవులకు తప్పిపోతుంటే కారణం సాధారణంగా ఫోను ఫ్రేమ్ రేటు (సెకనుకు తీసే బొమ్మల లెక్క) నిలకడగా లేకపోవడం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకుని మళ్లీ మొదలుపెట్టండి. సినిమా పాటలు వద్దు, హక్కుల చిక్కు లేని సంగీతమే వాడండి. ఫైలు తయారయ్యాక ఇయర్‌ఫోనులోనే వినకుండా, ప్రదర్శన జరిగే సెమినార్ హాల్లోనే ముందు రోజు వేసి చూడండి. పెన్‌డ్రైవులు రెండు తీసుకెళ్లండి. ప్రొజెక్టర్ మీద రాత్రి సీన్లు ఇంకా నల్లబడతాయి, వాటిని కాస్త వెలిగించి మళ్లీ ఎక్స్‌పోర్టు చేయడానికి ఆ ఒక్క రాత్రి ఉంటుంది.