మినీబైక్ ఫ్రేమ్ పగులు: వెల్డింగ్‌కు ముందు రెండు రంధ్రాలు

పగులు మీద వెల్డింగ్ పెట్టినా కొన్నాళ్ళకే పక్కనుంచి మళ్ళీ చీలుతుంటుంది. పగులు కొసలు కంటికి కనిపించేదానికన్నా ముందుకు పాకి ఉంటాయి మరి. పెట్రోల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టండి, బ్యాటరీ ఉంటే తీగలు తీసేయండి. చుట్టూ 25 మి.మీ. మేర పెయింటు గీకి, పగులు ఇంకా పాకకుండా కొసలు దాటి కాస్త అవతల 3 మి.మీ. డ్రిల్ బిట్‌తో చెరో రంధ్రం వేయండి. పగులు వెంట ఫ్రేమ్ ట్యూబు (ఇనుప గొట్టం) గోడ మందంలో సగం లోతు గాడి తీయండి. పలచని ట్యూబుకు 0.8 మి.మీ. మిగ్ వైరు (మిగ్ వెల్డింగ్ యంత్రంలో కరిగి అతుకయ్యే తీగ) చాలు. ముందు టాక్‌లు (చిన్న చుక్కల్లాంటి తాత్కాలిక అతుకులు) వేసి, ఫ్రేమ్ వంకర పోలేదని చూసుకున్నాకే 20 మి.మీ. చొప్పున అటొకటి ఇటొకటి అతకండి; రంధ్రాలూ పూడ్చేయండి. నీళ్ళు పోసి చల్లార్చొద్దు, అతుకు పెళుసవ్వచ్చు.

లోపల తుప్పు తిన్న ట్యూబుకు ఇది పనికిరాదు, ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) తగలగానే బొక్క పడుతుంది. ఆ ముక్క కోసి కొత్తది వేయాల్సిందే.