బురదలోనూ కదలని ట్రైపాడ్‌ను ఎంచుకోవడం ఎలా?

చలికాలంలో కాకినాడ, కోరంగి వైపు నీళ్లు లాగిన తర్వాత బయటపడే బురద మేటల మీద పిట్టలు వాలతాయి. వాటిని చాలా దూరం నుంచే చూడాలి, దగ్గరికి వెళ్తే గుంపు మొత్తం లేచిపోతుంది. అక్కడికి వచ్చే ఇండియన్ స్కిమ్మర్‌కు కింది ముక్కు పై ముక్కు కంటే పొడవు. ఆ తేడా 60 రెట్లు పెద్దది చేసి చూపించే స్పాటింగ్ స్కోపులో తెలుస్తుంది. కానీ స్టాండు వెంట్రుకవాసి కదిలినా పిట్ట కంటి ముందు నుంచి మాయమవుతుంది. అందుకే స్కోపు, లెన్స్ కొనేటప్పుడు పెట్టిన శ్రద్ధంతా ట్రైపాడ్ మీద కూడా పెట్టమంటాను.

కొన్ని దేశాల్లో ఇలాంటి స్టాండ్లను వేట తుపాకీకి ఆసరాగా అమ్ముతారు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, కోరంగి 1978 నుంచి అభయారణ్యం. ఇక్కడ గురి పెట్టేది కంటితోనూ కెమెరాతోనూ మాత్రమే.

ముందు తూకం వేయండి

కెమెరా, లెన్స్, హెడ్ (కాళ్ల పైన కెమెరాను పట్టి ఉంచి తిప్పే భాగం) అన్నీ కలిపి ఇంట్లో కాటా మీద పెట్టి చూడండి. 150–600 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ ఒక్కటే దాదాపు 2 కేజీలు ఉంటుంది, కెమెరాతో కలిపితే 3 కేజీల దాకా వెళ్తుంది. దానికి రెట్టింపు బరువు మోస్తుందని రాసి ఉన్న ట్రైపాడ్ చూడండి. పెట్టె మీద అంకె పెద్దగా ఉందని మురిసిపోవద్దు. అది కాళ్లు జారకుండా ఎంత మోస్తాయో చెబుతుంది, గాలికి ఎంత వణుకుతాయో చెప్పదు.

కాళ్లు, తాళాలు

ఒక్కో కాలు మూడు ముక్కలుగా ఉంటే గట్టిగా నిలబడుతుంది. నాలుగు ముక్కలైతే మడిచినప్పుడు పొట్టిగా ఉండి బండి మీద, బస్సులో తేలిగ్గా సర్దుకుంటుంది కానీ చివరి గొట్టం మరీ సన్నబడుతుంది. పెద్ద లెన్స్ ఉంటే నా ఓటు మూడు ముక్కలకే. పై గొట్టం 28 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చెరువు గట్ల మీద రెండు మూడు కిలోమీటర్లు నడిచే వాళ్లకు కార్బన్ ఫైబర్ భుజం నొప్పి తగ్గిస్తుంది. డబ్బు చూసుకోవాలంటే అల్యూమినియం చాలు.

తాళాల్లో తిప్పేవి, క్లిప్పులా నొక్కేవి అని రెండు రకాలు. మన డెల్టాలో అసలు శత్రువు ఉప్పునీళ్లూ సన్నని ఇసుకే. ఒకసారి సముద్రం ఒడ్డు నుంచి రాత్రి పొద్దుపోయి వచ్చి, అలసిపోయి కడగకుండా పడుకున్నాను. వారం తర్వాత తిప్పే తాళం ఒకటి బిగుసుకుపోయి ఎంతకీ ఊడలేదు. ఇప్పుడు కొనే ముందు ఒకటే అడుగుతాను: కాళ్లు పూర్తిగా ఊడదీసి నేనే కడుక్కోగలనా? కుదరదంటే వద్దనేస్తాను.

పాదాలే అసలు పరీక్ష

రబ్బరు పాదం విప్పితే లోపల ఇనుప ముల్లు ఉండే రకం కొనండి. గట్టి గట్టు మీద ముల్లు, గచ్చు మీద రబ్బరు. మరి బురదలో? మొదట్లో నా ట్రైపాడ్ ఒక్కో కాలు ఒక్కో లోతుకు దిగబడి పక్కకు ఒరిగిపోయేది. అది చూసిన పడవాయన "ఆయ్, ఆ కాళ్ల కింద చిప్పలు ఎట్టండి బాబూ, దిగవు" అని మూడు కొబ్బరి చిప్పలు తెచ్చిచ్చాడు. చిప్పను వెల్లకిలా బురద మీద పెట్టి, రబ్బరు పాదాన్ని అందులో ఆనించాలి. కళ్లున్న చిప్ప తీసుకోవద్దు, మెత్తని కన్ను చోట చిల్లు పడి బురద పైకి తన్నుకొస్తుంది. రెండో సగం భేషుగ్గా ఆగుతుంది.

ఇంకో సంగతి. గట్టి నేల మీద లావు గొట్టాలు ముందు లాగి, సన్నవి చివర లాగుతాం. బురదలో తిరగేయండి. అన్నిటికంటే కింది సన్నని గొట్టాన్నే ముందు పూర్తిగా లాగితే తాళం బురదకు పైన ఉండిపోతుంది. తీసేటప్పుడు నిట్టనిలువుగా పీకకుండా, కాలిని అటూ ఇటూ కదిపి గాలి దూరనివ్వండి.

హెడ్

స్కోపుకైతే మెత్తగా తిరిగే ఫ్లూయిడ్ హెడ్, ఎగిరే పిట్టల కోసం బరువైన లెన్స్‌కైతే గింబల్ (లెన్స్‌ను ఊయలలా తూకంగా పట్టి ఎటైనా తేలిగ్గా తిప్పనిచ్చే హెడ్). గుండ్రని బంతి మీద తిరిగే బాల్ హెడ్ తేలిక, చవక, కానీ పిడి వదులు చేయగానే బరువైన లెన్స్ ఒక్కసారిగా కిందికి వాలిపోతుంది.

షాపులో ఇలా చూడండి

మీ కెమెరా, లెన్స్ వెంట తీసుకెళ్లండి. కాళ్లన్నీ పూర్తిగా లాగి, మధ్య కర్రను పైకెత్తకుండానే మీ కంటి ఎత్తుకు వస్తుందా చూడండి. మధ్య కర్ర ఎత్తితే మూడు కాళ్ల స్టాండు మీద ఒంటికాలి స్టాండు పెట్టినట్టే. తర్వాత ఎదురుగా రోడ్డుకు అవతల ఉన్న బోర్డు మీది ఒక్క అక్షరానికి జూమ్ చేసి, లెన్స్ చివర వేలితో చిన్నగా తట్టండి. తెర మీద అక్షరం ఎంతసేపు వణుకుతుందో మనసులో అంకెలు లెక్కపెట్టండి. రెండు మూడు ట్రైపాడ్‌లను ఇలా పోలిస్తే ధర చీటీ చెప్పని సంగతి చేతికి తెలిసిపోతుంది. ఒక్కో కాలి మీద అరచేయి ఆనించి బరువు మోపండి, తాళం జారకూడదు. షాపువాళ్లు విసుక్కున్నా మొహమాటపడొద్దు.

వాడాక

ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, తాళాలు వదులు చేసి నీడన ఆరబెట్టండి. గాలి ఎక్కువైన రోజు మధ్య కొక్కేనికి బ్యాగు తగిలించండి, అయితే అది నేలను తాకీ తాకనట్టు ఉండాలి. గాల్లో ఊగితే వణుకు పెరుగుతుంది.

పడవలో మాత్రం ట్రైపాడ్ తెరవకండి. ఇంజిను వణుకంతా కాళ్లలోంచి నేరుగా లెన్స్‌కు ఎక్కుతుంది. దళసరి గుడ్డసంచిలో రెండు కేజీల బియ్యం పోసి మూతి కుట్టి, అంచు మీద పెట్టి దాని మీద లెన్స్ ఆనించండి. తడిస్తే ఆ రోజే బియ్యం తీసి ఎండబెట్టాలి, లేదంటే ముక్కిపోతుంది.