పండక్కి చుట్టాలొస్తుంటే ఆవడలు: పప్పు నానబోసే ముందే చూసుకోవాల్సినవి

పావుకిలో మినపగుళ్లకు పాతిక దాకా చిన్న వడలొస్తాయి. పెరుగు లీటరుంపావు ఉంచుకోండి.

– పెరుగు ముందురోజు రాత్రి తోడుపెట్టి, పేరుకోగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. అప్పటికే పులిసినదైతే వడ్డించే వేళకు నోట పెట్టలేం.

– పప్పు 3, 4 గంటలు నానితే చాలు. రాత్రంతా ఉంచితే పిండి జారవుతుంది, వడ నూనె తాగుతుంది.

– రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లే, అదీ చెంచాలతో. మిక్సీని మధ్యమధ్యలో ఆపండి. పిండి వేడెక్కితే వడ గట్టిపడుతుంది. తర్వాత 5 నిమిషాలు చేత్తో గిలక్కొట్టి, కాస్త పిండి నీళ్లలో వేయండి. తేలాలి. మునిగితే ఇంకా కొట్టాలి. ఏది మానినా ఈ పరీక్ష మానొద్దు.

– ఉప్పు వేయించబోయే ముందే. ముందుగా కలిపితే పిండి పలచబడుతుంది.

– చేతికి తడి ఉండాలి గానీ నీళ్లు కారకూడదు, నూనె చిట్లుతుంది.

– వేగిన వడలు గోరువెచ్చని నీళ్లలో 5 నిమిషాలుంచి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కి, చిలికిన పెరుగులో వేయాలి. వడ్డనకు 2 గంటల ముందైతే సరి. తాలింపు చల్లారాకే కలపండి, వేడిమీద పెరుగు విరుగుతుంది.

– క్యారెట్ తురుము, కొత్తిమీర, కారబ్బూందీ ఆకులో వేసేటప్పుడే. బూందీ ముందే చల్లితే మెత్తబడిపోతుంది.